నిమ్మకాయల మీదుగా ఎన్నిస్‌కి

పక్క సీట్లో కూర్చుని పెళ్ళానికి డ్రైవింగు నేర్పుతూ, వెనక సీట్లోంచి అత్తగారి చేత దెప్పించుకుంటూ, ఐర్లండు దేశాన్ని తూర్పు ఒడ్డు నించి పడమటి ఒడ్డు దాకా అడ్డంగా దాటిన మగవాడు నాకు తెలిసి నేనొక్కణ్ణే. మరొకడెవడైనా బయల్దేరి ఉండొచ్చు. చేరి ఉండడు.

ఆ రోజుల్లో ఐర్లండుకి హఠాత్తుగా డబ్బు చేసింది. డబ్లిన్‌లో ఆకాశం చూడాలంటే రెండు క్రేన్ల సందులోంచి చూడాల్సి వచ్చేది. నిన్నటిదాకా సైకిలు తొక్కినవాడు ఇవాళ కారు కొన్నాడు. కారు కొన్న ప్రతివాడూ లైసెన్సు పరీక్షకి దరఖాస్తు పెట్టాడు. పిలుపు వచ్చేలోగా కార్లు తుప్పు పట్టేవి, గడ్డాలు నెరిసేవి. మా వీధిలో ఒకాయన దరఖాస్తు పెట్టేనాటికి బ్రహ్మచారి. పిలుపు వచ్చేనాటికి పెళ్ళీ విడాకులూ రెండూ అయిపోయి, కారుని ఆవిడ పట్టుకుపోయింది.

మేముండేది స్వోర్డ్స్‌లో, విమానాశ్రయాన్ని ఆనుకుని. అక్కడి సెంటర్లో మా ఆవిడ అప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పింది. రెండుసార్లూ ఒకే దగ్గర. ఈ దేశపు పరీక్షలో ఒక ఘట్టం ఉంది: సందు మూల దాటించి కారు ఆపిస్తారు. అక్కణ్ణించి వెనక్కి నడుపుకుంటూ, కాలిబాట అంచుని తాకకుండా, దానికి దూరం కాకుండా, మూల తిప్పి సందులోకి పోనివ్వాలి. మొదటిసారి మా ఆవిడ కాలిబాట ఎక్కింది. రెండోసారి ఎవరిదో గులాబీ మొక్క ఎక్కింది. "ఇంతకీ నేర్పింది ఎవరు?" అని అత్తగారు బెజవాడ నించి ఫోన్లో అడిగారు, జవాబు తెలిసే.

అడిగి ఊరుకోలేదు. విజిటర్ వీసా మీద దిగారు. ఎయిర్‌పోర్టులో నన్ను ఆపాదమస్తకం చూసి, "మీరేం చిక్కలేదే!" అన్నారు, మా అమ్మాయి ఒక్కతే చిక్కిందన్నమాట అన్నట్టు.

మూడోసారికి మా ఊళ్ళో తేదీ దొరకలేదు. ఎవరో మానుకున్న ఖాళీ ఒకటి ఎన్నిస్‌లో దొరికింది. ఎన్నిస్ క్లేర్ కౌంటీలో ఉంటుంది. మా ఇంటి నించి అక్కడికి పోవడమంటే దేశం అయిపోవడమే. ఇంకో రెండు మలుపులు తిరిగితే చక్రాలకి అట్లాంటిక్ నీళ్ళు తగుల్తాయి.

ఈసారి తప్పితే మాత్రం కుదరదు. మా ఆవిడకి ఊరవతల మందుల కంపెనీలో ల్యాబ్ ఉద్యోగం వచ్చింది. బెజవాడలో చదివిన మైక్రోబయాలజీ మా పెళ్ళయిన దగ్గర్నించీ అటకెక్కి కూర్చుంది, ఇన్నాళ్ళకి దిగుతానంది. కాకపోతే రెండు ప్లాంట్ల మధ్య శాంపిళ్ళని తనే వ్యాన్‌లో తీసుకెళ్ళాలట. దానికి పూర్తి లైసెన్సు ఉండాలట. నెలాఖరు దాకా ఆగుతాం, తరవాత ఇంకొకరిని చూసుకుంటాం అన్నారు. అంచేత ఆవిడ తొలి ఉద్యోగమూ, రోజుకి రెండు పూటలా నన్ను "ఏమండీ, కాస్త దింపుతారా?" అని అడగక్కర్లేని బతుకూ, ఎన్నిస్‌లో మధ్యాహ్నం రెండున్నరకి ఏదో ఒక సందు మూల మీద ఆధారపడి ఉన్నాయి.

ఇక్కడ ఈ దేశపు చట్టం ఒకటి చెప్పాలి. నేను అబద్ధం ఆడుతున్నానని మీరనుకుంటారు, అయినా చెబుతాను. నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు మొదటిదైతే పక్కన పూర్తి లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. అది అయిపోయి రెండోది తీసుకున్నారనుకోండి, పక్కన ఎవరూ అక్కర్లేదు. అంటే ఎంత ఎక్కువకాలం నడపడం రాకుండా ఉంటే అంత స్వేచ్ఛ. ఉదయం పరీక్ష తప్పినవాడు మధ్యాహ్నం అదే కార్లో, ఒంటరిగా, ఈల వేసుకుంటూ ఇంటికి పోవచ్చు. మా ఆవిడది రెండోది. చట్టప్రకారం ఆ ప్రయాణానికి నా అవసరం లేదు. ఈ సంగతి నాకు తప్ప కార్లో మిగతా ఇద్దరికీ బాగా గుర్తుందని తరవాత తెలిసింది.

ప్రాక్టీసు అవుతుందని దారంతా తననే నడపమన్నాను. ఆ ఉదారబుద్ధికి శిక్ష ఇంటి గేటు దగ్గరే మొదలైంది.

"క్లచ్చు!" అన్నాను.

"తొక్కాను."

"ఇంకా తొక్కు."

"ఇంకా తొక్కితే కింద రోడ్డు తగుల్తుంది."

నా కాళ్ళ దగ్గర బ్రేకు లేదు. అయినా పాఠాలు మొదలెట్టిన దగ్గర్నించీ ఆ లేని బ్రేకుని తొక్కీ తొక్కీ కారు తివాచీలో ఒక గుంట తవ్వాను. వాన పడితే అందులో చేపలు పెంచొచ్చు. నేను కాలు అదిమినప్పుడల్లా వెనక నించి అత్తగారి గొంతు, పాకంలో ముంచి తీసిన కత్తిలా వచ్చేది.

"అల్లుడుగారూ, మీరలా కాలు తాటిస్తుంటే బండి ఊగిపోతోందండి. అమ్మాయ్, ఆ లారీవాణ్ణి చూడవే, ఎంత ఒద్దికగా పోతున్నాడో! పక్కన ఎవరూ లేరు కదా మరి, ప్రశాంతంగా ఉంది."

కిల్డేర్ ఊళ్ళో బండ్లు ఆగిపోయాయి. దేశంలో డబ్బు మాత్రం వరదలా పారుతోంది గానీ, పడమటికి పోయే ప్రతి బండీ ఆ ఊరి బజారులోంచే దూరి అవతలికి రావాలి. ముందు కారులో ఒక పాప మాకేసి తిరిగి నాలుక బయటపెట్టింది. మేమక్కడ ఎంతసేపు ఉన్నామంటే ఆ పిల్లకి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయేమో అనిపించింది. ఆ ఖాళీ సమయాన్ని వృథా చెయ్యడం ఇష్టంలేక నేను మూల తిప్పడం గురించి పాఠం చెప్పాను. ఎడమ అద్దం, కుడి భుజం, వెనక అద్దం, మళ్ళీ ఎడమ. మా ఆవిడ స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ వింది.

"అయిందా?" అంది.

"అర్థమైందా?"

"మీరు పాఠం చెప్పకముందు అర్థమైంది."

రోస్‌క్రే దాటాక అత్తగారు గొంతు సవరించుకున్నారు. ఆ శబ్దం విని మా మావగారు ముప్ఫయ్యేళ్ళు సంతకాలు పెట్టారు.

"అల్లుడుగారూ, కాస్త ముందు ఎడమకి తిరగాలండి."

"ఎన్నిస్ తిన్నగా ఉంది అత్తయ్యగారూ."

"ఎన్నిస్ ఎక్కడికీ పోదు. మేరీమాత గుడి ఉందట. పక్కింటి వదినగారు చెప్పారు. పరీక్షకి పోయేవాళ్ళు అక్కడ ఆగి దణ్ణం పెట్టుకుని పోతారట."

పక్కింటి వదినగారంటే మా పక్కింటి ఐరిష్ మామ్మ. అత్తగారికి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. పెరటి గోడకి అటూ ఇటూ నిలబడి ఎవరి భాషలో వాళ్ళు గంటల తరబడి మాట్లాడుకునేవారు. అంత చక్కగా ఒకరినొకరు అర్థం చేసుకున్న మనుషుల్ని నేను చూళ్ళేదు. ముఖ్యంగా నా విషయంలో.

"ఇప్పుడా? పన్నెండు దాటింది. రెండున్నరకి పరీక్ష పెట్టుకుని..." అన్నాను.

"మా గుణదల కొండ మీద తల్లికి ప్రతి ఏడూ కొబ్బరికాయ కొడతాం. మనవాళ్ళూ వాళ్ళూ అని లేకుండా బెజవాడంతా వెళ్ళి కొడతారు. తల్లి ఎక్కడున్నా తల్లే కదండీ. కొత్త బండి కొన్నారు, ఓ పూజ లేదు, ఓ నిమ్మకాయ తొక్కించలేదు. గులాబీ మొక్కలు ఎక్కదూ మరి!"

అప్పుడు చూశాను, ఆవిడ ఒళ్ళో సంచీని. పసిపిల్లని పట్టుకున్నట్టు ఇంటి దగ్గర్నించీ పట్టుకునే ఉన్నారు. నేను అందులో పులిహోర ఉందనుకుని మురిసిపోయాను.

నేను మా ఆవిడ కేసి తిరిగాను. చదువుకున్న మనిషి, సూక్ష్మజీవుల్ని పేరు పెట్టి పిలవగల మనిషి. "నువ్వైనా చెప్పు" అన్నాను.

"దారి నాక్కూడా చెప్పిందామె. ఒకప్పుడు పబ్బు ఉండి ఇప్పుడు లేని చోట ఎడమకి తిరగమంది."

"లేని పబ్బుని ఎలా కనిపెడతావు?"

"ఇదిగో, లేదు కదా" అని తిప్పేసింది.

ఈ దేశంలో పొలాల మధ్య సందుని బోరీన్ అంటారు. మేం తిరిగిన బోరీన్ కారుకంటే అంగుళం సన్నంగా ఉంది. మధ్యలో గుర్రపు జూలులా గడ్డి. అటూ ఇటూ ముళ్ళకంచె. కారు రంగుని అది గీకుతుంటే ఆ చప్పుడు నా పళ్ళలో వినిపించింది. ఒక మలుపు తిరగ్గానే ఎడమ పక్కన రాళ్ళు పేర్చి కట్టిన గుహ, అందులో తెల్లని బొమ్మ, నీలం నడికట్టు. జామ్ సీసాల్లో ప్లాస్టిక్ పూలు. ఆ తల్లి మొహంలో అంత శాంతం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు చూడగానే తెలిసింది. ఆవిడ ఎవరికీ డ్రైవింగు నేర్పలేదు.

గుహ ముందు మెట్లకి ఒక ముసలాయన సున్నం వేస్తున్నాడు. తలమీద టోపీ ఆయన కంటే పాతది. మా కారుని చూసి కుంచె ఆపి, పొలంలోకి పరాయి గేదెలు జొరబడితే రైతు చూసినట్టు చూశాడు.

అత్తగారు దిగి, చెప్పులు విడిచి, చలికోటు మీద కొంగు కప్పుకుని, సంచీలోంచి ఒక్కొక్కటీ తీశారు. పసుపు పొట్లం, కుంకం భరిణె, నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దారం, కొబ్బరికాయ. స్వోర్డ్స్ సూపర్‌మార్కెట్లో కొన్న కాయ. వాళ్ళు దాన్ని నున్నగా గొరిగి, పిలక తీసేసి, పైన ధర అంటించారు. పిలకలేని కాయ దేవుడికి పనికిరాదని అత్తగారు ఆ షాపువాళ్ళ మీద నెలరోజులుగా పళ్ళు నూరుతున్నారు. అయినా తప్పనిసరిగా దాన్నే ఎత్తి, తడి సున్నం మెట్టు మీద కొట్టారు. పగల్లేదు. రెండో దెబ్బకి కంచెలో పిట్టలన్నీ లేచిపోయాయి. మూడో దెబ్బకి కాయ రెండు ముక్కలై, నీళ్ళు ముసలాయన బూట్ల మీద పడ్డాయి.

"జీసస్, మేరీ అండ్ జోసెఫ్!" అన్నాడాయన, ముగ్గురిలో ఒకరు ఎదురుగా ఉండగానే.

అత్తగారు ఆయన్ని లెక్కచెయ్యలేదు. గడపకి రాసినట్టు మెట్టుకి ఈ చివర నించి ఆ చివర దాకా పసుపు రాశారు. సున్నంలో పసుపు కలిస్తే ఏమవుతుందో పెళ్ళిలో పారాణి పెట్టించుకున్న ప్రతి తెలుగుదానికీ తెలుసు. ఆ ముసలాయనకి తెలీదు. ఆయన చూస్తుండగానే మేరీమాత పాదాల దగ్గర మెట్టు మెల్లగా, తళతళలాడుతూ, నెత్తురు ఎరుపుకి తిరిగింది.

ఆయన చేతిలోంచి కుంచె జారిపోయింది. తరవాత ఆయన అన్నదాన్ని నాకర్థమైనంతలో తెలుగులో రాస్తున్నాను. అర్థం కానిది ఇంకా ఘోరంగా ఉండి ఉంటుంది.

"ఏం పూసిందది? నెత్తురా?"

"కాదండీ, పసుపు. కూరల్లో వేసుకుంటాం."

"మా తల్లికి ఇక్కడ కూర వండుతున్నారా? రేపు ఊరంతా జపమాల ప్రార్థనకి వస్తుంది. పొద్దున్నించీ సున్నం వేస్తున్నాను! గార్డుల్ని పిలుస్తాను!"

గార్డులంటే ఇక్కడి పోలీసులు. "ఏమంటున్నాడండీ?" అని అడిగారు అత్తగారు.

"పోలీసుల్ని పిలుస్తానంటున్నాడు."

"ఎర్రగా పండింది, శుభం అని చెప్పండాయనకి. ఎవరికి పడితే వాళ్ళకి పండదు. మీ పెళ్ళికి పండిందా?"

ఇంత జరుగుతుంటే ఆవిడ చేతులు ఆగలేదు. నాలుగు టైర్ల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టేశారు. బానెట్‌కి కుంకం బొట్టు పెట్టారు. సరిగ్గా అప్పుడే బోరీన్ అవతలి కొస నించి నేల అదిరింది. గడ్డి కోతల కాలం. కొండంత ట్రాక్టరు, దాని వెనక ఊరంత గడ్డిబండి, ఎదురుగా వచ్చి మా కారు ముక్కుకి మూరెడు దూరంలో ఆగాయి. వాటి వెనక ఇంకో ట్రాక్టరు, ఇంకో బండి. ముందు ట్రాక్టరువాడు హారన్ మీద చెయ్యి పెట్టి తీయడం మర్చిపోయాడు.

పక్కకి తప్పుకునే చోటు లేదు, గుహ పక్కనున్న కాస్త ఖాళీలో ముసలాయన కారు ఉంది. మేమే వెనక్కి పోవాలి, మలుపు తిప్పుకుంటూ, పెద్ద రోడ్డు దాకా.

"నువ్వు దిగు. నేను తీస్తాను" అన్నాను.

"వద్దు" అంది మా ఆవిడ.

"రెండుసార్లు తప్పింది ఇక్కడేగా? దిగు!"

"మూడోసారి కూడా నేనే తప్పుతాను. మీరు తప్పుకోండి."

"వెనక్కి పోకూడదే!" అని అత్తగారు కారుకి అడ్డంగా నిలబడ్డారు. "నిమ్మకాయలు ముందున్నాయి. ముందు అవి తొక్కాలి, తరవాతే ఎటైనా. తొక్కకుండా వెనక్కి పోతే అరిష్టం."

"ముందు ట్రాక్టరు ఉంది అత్తయ్యగారూ!"

"ఉంటే ఉండనివ్వండి. మూరెడు చోటుంది చాలు."

హారన్లు రెండయ్యాయి. ముసలాయన బకెట్ కేసి చూపిస్తూ నా మీద అరుస్తున్నాడు. అత్తగారు వెనక సీట్లోకి ఎక్కి, తలుపేసుకుని, "పోనీవే" అన్నారు. మా ఆవిడ మొదటి గేరు వేసి కారుని ట్రాక్టరు మీదికి నడిపింది. ట్రాక్టరువాడి నోరు తెరుచుకోవడం అద్దంలోంచి స్పష్టంగా కనపడింది. నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి పగిలాయి. బంపరుకీ ట్రాక్టరుకీ మధ్య పోస్టుకార్డు పట్టేంత ఖాళీ మిగిలింది. కారు ఆగింది.

నేను కారు వెనక్కి పరిగెత్తాను. మా దేశంలో కారు వెనక్కి వస్తుంటే ఒక మగవాడు వెనక నిలబడి డిక్కీ మీద అరచేత్తో కొడుతూ "రానీ, రానీ, రానీ" అని అరవాలి. ఆ పని చెయ్యని మగవాడు ఇంటి పెద్ద కాడు. స్వోర్డ్స్‌లో వీధి వీధంతా వినేలా నేనలాగే నేర్పాను.

"రానీ, రానీ! ఎడమకి! ఎడమకంటే నీ ఎడమ కాదు, నా ఎడమ! ఆపు!" అని డిక్కీ మీద ధన్‌మని కొట్టాను. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఆగిపోయింది.

కిటికీ అద్దం దిగింది. మా ఆవిడ తల బయటికి వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడ్డం నేను వినలేదు.

"ఏమండీ. మీరా గుడి మెట్ల మీదికి ఎక్కండి."

"ఎందుకు?"

"ఎక్కండి. చెయ్యి బండికి దూరంగా పెట్టండి. నోరు మూసుకోండి."

నేను మెట్టెక్కాను. ఎర్ర మెట్టు. చెప్పులకి పారాణి అంటుకుంది. కారు వెనక్కి కదిలింది. కంచెకి జానెడు దూరంలో, గీత గీసినట్టు, ఆగకుండా, తొట్రుపడకుండా మలుపు తిరిగి కనుమరుగైంది. వెనకే ట్రాక్టరు, గడ్డిబండి, రెండో ట్రాక్టరు, రెండో బండి, పెళ్ళి ఊరేగింపులా నా ముందు నించి కదిలిపోయాయి. ఎగిరిన గడ్డి నా నెత్తిన అక్షింతల్లా పడింది.

నేను దులుపుకుని, ఏం చెయ్యాలో తోచక మెట్టు మీది కొబ్బరిచిప్ప ఒకటి చేతిలోకి తీసుకుని, పెద్ద రోడ్డు దాకా నడిచాను. నా కోసం అక్కడ ఆగి ఉంటారనుకున్నాను. రోడ్డు మీద లేని పబ్బు తప్ప ఇంకేం లేదు.

ఫోను కార్లో ఉంది. పర్సు కోటు జేబులో ఉంది, కోటు కార్లో ఉంది. పరీక్ష ఎన్నిస్‌లో ఉంది. నేను మాత్రం చేతిలో కొబ్బరిచిప్పతో, ఏ కౌంటీయో తెలీని చోట, గొర్రెల మధ్య ఉన్నాను. అవి నాకేసి చూసి తలతిప్పుకున్నాయి. తిరిగి గుహ దగ్గరికి వచ్చేసరికి ముసలాయన నా కోసం కుంచె తడిపి పట్టుకుని ఉన్నాడు.

"తుడు" అన్నాడు.

తుడిచాను. తుడిచినకొద్దీ ఎరుపు పాకింది. ఒక మెట్టుకున్నది మూడు మెట్లకైంది. దాని మీద సున్నం కొడితే గులాబీ రంగు వచ్చింది. ఇంకో పూత కొడితే ఇంకా అందమైన గులాబీ రంగు వచ్చింది. సూక్ష్మజీవుల శాస్త్రం చదివిన మనిషి ఎన్నిస్‌లో షికార్లు చేస్తోంది, కంప్యూటర్లు చదివిన మనిషి ఇక్కడ వెల్లవేస్తున్నాడు.

"వెనక్కి నడుపుకుంటూ పోయింది నీ భార్యేనా?" అన్నాడు ముసలాయన, తన కారు బానెట్ మీద కూర్చుని.

"అవును."

"బాగా నడుపుతోంది."

"నేనే నేర్పాను."

"మరి నిన్నెందుకు వదిలేసి పోయింది?"

దీనికి నా దగ్గర చాలా జవాబులున్నాయి, ఏదీ ఇంగ్లీషులోకి రాలేదు. మాట మార్చడానికి, పరీక్షకి ఎన్నిసార్లు వెళ్ళారని ఆయన్ని అడిగాను.

"ఒక్కసారీ వెళ్ళలేదు. ఒకప్పుడు క్యూ మరీ పొడుగైపోయిందని సర్కారువాళ్ళు ఆగినవాళ్ళందరికీ ఊరికే ఇచ్చేశారు. నాకు పోస్టులో వచ్చింది. ఆ మూల ఇంకా వదిలేశావు."

వాన మొదలైంది. ఆయన కారెక్కి, తలుపేసుకుని, అద్దం వెనక హామ్ శాండ్‌విచ్ తిన్నాడు. ఒక్కో ముక్కా నాకు కనపడేలా నమిలాడు. పిలవలేదు. నేను గుహలోకి దూరి, మేరీమాత పక్కన ఒదిగి నిలబడి, ఆవిడకి కొట్టిన కొబ్బరికాయని పళ్ళతో గీక్కుని తిన్నాను. పిలకలేని కాయ దేవుడికి పనికిరాదేమో గానీ, భర్తకి పనికొస్తుంది.

అక్కడ నిలబడి నేనేం కోరుకున్నానో అడక్కండి. తప్పితే, నేను పక్కన లేకపోబట్టే తప్పిందని తేలుతుంది. పాసైతే, నేను పక్కన లేకపోబట్టే పాసైందని తేలుతుంది. మొదటిదాంట్లో నా పరువు దక్కుతుంది, ఆవిడ ఉద్యోగం పోతుంది. రెండోదాంట్లో తిరగేసి. ఆ తల్లి నాకేసి చూడకుండా పొలాల మీదికే చూస్తూ ఊరుకుంది. తీర్పు చెప్పలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ చెప్పను.

వాన వెలిసి, ముసలాయన నా చేత నాలుగో పూత వేయిస్తున్నప్పుడు పెద్ద రోడ్డు వైపు నించి ఇంజను చప్పుడు వినిపించింది. మలుపులోంచి ముందు ఒక వెనక అద్దం కనపడింది, తరవాత డిక్కీ. కారు వెనక్కి వస్తోంది. తిన్నగా రావడానికి అడ్డమేమీ లేదు. వెనక్కే వస్తోంది, కంచెకి జానెడు దూరంలో, గీత గీసినట్టు.

"అదెవరు వెనక్కి వస్తున్నారు?" అన్నాడు ముసలాయన.

డిక్కీ మీద ఎర్ర అక్షరం అట్ట ఉండాల్సిన చోట, నేర్చుకునేవాళ్ళ గురించి ప్రపంచాన్ని హెచ్చరించే ఆ అట్ట ఉండాల్సిన చోట, నిమ్మకాయా మిరపకాయల దండ వేలాడుతోంది. కారు నా ముందుకి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే లేచింది.

కిటికీ అద్దం దిగింది. "చెయ్యి" అంది మా ఆవిడ.

దించాను.

"పాసయ్యావా?" అన్నాను. చూస్తే తెలుస్తూనే ఉంది, అయినా అడగాల్సి వచ్చింది, అడిగేదాకా వాళ్ళిద్దరూ ముందు సీట్లలో తిన్నగా చూస్తూ కూర్చున్నారు గనక.

"పరీక్ష పెట్టిన ఆ బాబు బంగారంలాంటివాడు" అన్నారు అత్తగారు, నా సీట్లోంచి. "బండి చుట్టూ తిరిగి, టైరుకి అంటుకున్న తొక్క చూసి ఏంటిదన్నాడట. అమ్మాయి చెప్పిందట. 'గ్రాండ్' అన్నాడట. మూల తిప్పేటప్పుడు పెదవి విప్పలేదట."

"ట్రాక్టర్లు పోయేదాకా రోడ్డు మీద ఆగొచ్చుగా నువ్వు?" అన్నాను.

"ఆగాను. పక్కన పెట్టి, ఇంజను ఆపి, మీరొస్తారని చూశాను" అంది మా ఆవిడ. "అప్పుడు గమనించాను, ఒక్కసారీ ఇంజను ఆగకుండా అంత దూరం వెనక్కి వచ్చానని. మీరొచ్చి పక్కన కూర్చుంటే మళ్ళీ మర్చిపోతానేమోనని భయం వేసింది. పోయాను."

దీనికి కోర్టుకెళ్ళొచ్చా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అత్తగారు దిగి మెట్లు చూసి, గులాబీ రంగు బాగుందని మెచ్చుకున్నారు. రెండో కొబ్బరిచిప్పని ముసలాయన చేతిలో పెట్టి, "ప్రసాదం, కాదనకూడదు" అని తెలుగులో కసిరారు. ఆయన దాన్ని బాంబు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. గార్డుల సంగతి మర్చిపోయాడు. నేను సున్నం చేతులతో వెనక తలుపు తీసుకుని ఎక్కాను.

బండి స్వోర్డ్స్ దారి పట్టింది. వాళ్ళిద్దరూ ఉద్యోగంలో చేరే రోజుకి చీర కట్టాలా, ప్యాంటు వేసుకోవాలా అని చర్చించుకున్నారు. రోస్‌క్రే దగ్గర గుండ్రటి కూడలిలో మా ఆవిడ కాస్త వేగంగా తిప్పింది. నేను అలవాటుగా కాలు బలంగా అదిమాను. ఆ సీటు కింద నేను తవ్వుకున్న గుంట లేదు. ముందు సీటు వీపు ఉంది.

"అల్లుడుగారూ" అన్నారు అత్తగారు వెనక్కి తిరక్కుండా, "కాళ్ళు తీయండి. నడుముకి తగుల్తున్నాయి."